జపాన్‌లో సుషీ తినాలంటే: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌కి వచ్చిన మనవాళ్లలో సుషీ రుచి చూడాలన్న సరదా చాలామందికి ఉంటుంది. కానీ దుకాణం తలుపు దగ్గరికొచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. లోపల ఏం అడగాలో తెలియదు, ఎలా తింటే తప్పో తెలియదు, బిల్లు ఎంత అవుతుందో అసలే తెలియదు. టోక్యోలో ఉంటున్న నన్ను ఊరి నుంచి వచ్చే చుట్టాలు, ఇక్కడి ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతూ ఉండే ప్రశ్నలే ఇవన్నీ. ఒక మాట ముందే చెప్తాను. సుషీ రెండు వందల ఏళ్ల కిందట వీధి బండి దగ్గర నిలబడి తిన్న తిండి. మర్యాదల చిట్టా చూసి జంకాల్సిన పని లేదు. మీరు తిననివి ఏవో కూర్చోకముందే చెప్పండి, ముందు పెట్టినదాన్ని వెంటనే తినండి. ఈ రెండూ పాటిస్తే ఏ దుకాణంలోనైనా మిమ్మల్ని బాగా చూసుకుంటారు.

సుషీ అంటే అంతా పచ్చి చేపేనా?

కాదు. సుషీకి ప్రాణం అన్నం. పొట్టి గింజ బియ్యం వండి, వేడి మీదే బియ్యపు వెనిగర్, ఉప్పు, చక్కెర కలిపి, ఒంటి వేడికి వచ్చేదాకా ఆరబెడతారు. దీన్ని షరి అంటారు. దాని మీద పెట్టేది నెతా. నెతా పచ్చి చేప కావచ్చు, ఉడికించిన రొయ్య కావచ్చు, తియ్యగా వండిన గుడ్డు అట్టు కావచ్చు, వంకాయ కూడా కావచ్చు. జపాన్‌లో పేరున్న దుకాణానికి వెళ్లినవాళ్లు చేప గురించి ఎంత మాట్లాడతారో అన్నం గురించీ అంతే మాట్లాడతారు. గింజ గింజ విడిగా ఉందా, పులుపు ఎంత ఉంది, వేడి సరిగ్గా ఉందా అని చూస్తారు. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలే పెడితే అది సషిమి, సుషీ కాదు.

రకాలు చాలా ఉన్నాయి గానీ నాలుగు తెలిస్తే చాలు. చేత్తో నొక్కిన చిన్న అన్నం ముద్ద మీద నెతా పెడితే నిగిరి. నోరి అనే సముద్రపు నాచు రేకులో చుట్టి ముక్కలు కోస్తే మకి. అన్నం చుట్టూ నోరిని గోడలా నిలబెట్టి పైన జారిపోయే పదార్థం నింపితే గుంకన్. గిన్నెలో షరి వేసి పైన రకరకాలు పరిస్తే చిరాషి.

మొదటిసారి ఎలాంటి చోటికి వెళ్లాలి?

కళ్లు మూసుకుని కైతెన్ సుషీకి వెళ్లండి. ప్లేట్లు బెల్టు మీద తిరుగుతూ వచ్చే దుకాణాలివి. ఒసాకా దగ్గర యొషిఆకి షిరాయిషి అనే ఆయన 1958లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. తక్కువమంది పనివాళ్లతో ఎక్కువమందికి చవగ్గా సుషీ పెట్టడం ఎలా అన్నది ఆయన ముందున్న సమస్య. బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వెళ్లడం చూసి ఆయనకు ఈ ఉపాయం తట్టిందని చెబుతారు. ఇప్పుడు సుషిరో, కురా సుషీ, హమా సుషీ లాంటి చెయిన్లు దేశమంతా ఉన్నాయి. ప్లేటు ధర 120 యెన్ల చుట్టుపక్కల మొదలవుతుంది, ఊరి నడిబొడ్డున కాస్త ఎక్కువ. నచ్చకపోతే పోయేది ఒక ప్లేటు డబ్బే కాబట్టి ధైర్యంగా ప్రయోగాలు చేయవచ్చు. పిల్లలున్నా, మాంసాహారం తిననివాళ్లు వెంట ఉన్నా ఇదే మంచి చోటు.

లోపలికి వెళ్లాక ఏం చేయాలి?

గుమ్మం దగ్గర ఒక మెషీన్ ఉంటుంది. ఎంతమందో నొక్కి, కౌంటర్ సీటు కావాలో టేబుల్ కావాలో ఎంచుకుంటే చీటీ వస్తుంది. ఆ నంబరు పిలిచాక వెళ్లి కూర్చోవాలి. శని, ఆదివారాల్లో భోజనం వేళకి వెళ్తే గంట సేపు నిలబడాల్సి రావచ్చు, అందుకే యాప్‌లో ముందే టైమ్ బుక్ చేసుకోవడం మంచిది.

సీటు దగ్గర టచ్ స్క్రీన్ ఉంటుంది. భాష మార్చుకునే బటన్ ఎక్కడో ఒక మూల కనబడుతుంది, ఇంగ్లిష్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఆర్డర్ పెట్టిన కాసేపటికి ప్లేటు మీ ముందుకొచ్చి ఆగుతుంది, స్క్రీన్ గంట కొడుతుంది. ప్లేటు తీసుకోవడమే మీ పని.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. టేబుల్ అంచున చిన్న కుళాయి, దాని కింద నల్లటి బటన్ కనిపిస్తాయి. అది చేతులు కడుక్కునే కుళాయి కాదు. దాంట్లోంచి వచ్చేది మరిగే నీళ్లు, టీ కోసం. పక్కన డబ్బాలో పచ్చటి టీ పొడి ఉంటుంది. కప్పులో చిన్న చెంచాడు వేసి, కప్పు అంచుతో ఆ బటన్‌ని లోపలికి నొక్కితే నీళ్లు పడతాయి. పిల్లలు పక్కన కూర్చుంటే వాళ్లని ఆ వైపు కాకుండా నడవ వైపు కూర్చోబెట్టండి. టీ ఎన్నిసార్లు తాగినా డబ్బు తీసుకోరు. చేతులు తుడుచుకోవడానికి తడి గుడ్డో, తడి టిష్యూ ప్యాకెట్టో ఇస్తారు.

బెల్టు మీద తిరుగుతున్న ప్లేటు తీసుకోవచ్చా, లేక ఆర్డర్ పెట్టాలా?

తిరుగుతున్నది తీసుకోవచ్చు, ఒకసారి ముట్టుకున్న ప్లేటు మాత్రం వెనక్కి పెట్టకూడదు. కానీ ఈ మధ్య చాలాచోట్ల బెల్టు మీద సుషీ తిప్పడమే మానేశారు. 2023 జనవరిలో ఒక కుర్రాడు టేబుల్ మీది సోయా సాస్ సీసా నాకుతున్న వీడియో దేశమంతా పాకింది. ఆ తర్వాత పెద్ద చెయిన్లు పద్ధతులు మార్చుకున్నాయి, ఆర్డర్ పెట్టినవే పంపే చోట్లు పెరిగాయి. నన్నడిగితే ఆర్డర్ పెట్టడమే మేలు, అప్పుడే చేసినది వస్తుంది. కురా సుషీలో తిన్న ప్లేట్లని టేబుల్ దగ్గరున్న సందులో వేస్తే లెక్క అదే పడుతుంది. 5 ప్లేట్లు వేస్తే స్క్రీన్ మీద చిన్న ఆట వస్తుంది, గెలిస్తే బొమ్మ పడుతుంది. పిల్లలు ఈ ఆట కోసమే ఇంకో ప్లేటు తింటామంటారు.

స్క్రీన్ నిండా పేర్లే. ముందు ఏవి తినాలి?

పచ్చి చేప ఇంతకు ముందు తినకపోతే వండినవాటితో మొదలుపెట్టండి. తమాగో అంటే తియ్యటి గుడ్డు అట్టు. ఎబి అంటే ఉడికించిన రొయ్య, అమాఎబి అని ఉంటే మాత్రం పచ్చిది. అనాగో అంటే పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప, మెత్తగా ఉడికించి తియ్యటి చిక్కటి సాస్ పూస్తారు. ఇది నోట్లో పెడితే కరిగిపోతుంది, భయం పోవడానికి ఇంతకంటే మంచి చేప లేదు.

తర్వాత తెల్ల చేపలు, తై, హిరామె లాంటివి. నీచు వాసన అస్సలుండదు. ఆ తర్వాత ట్యూనా. ఎర్రటి కండ అకామి, కొవ్వు కలిసినది చూతోరో, పూర్తిగా కొవ్వున్నది ఓతోరో. ధర కూడా ఆ వరసలోనే పెరుగుతుంది. అకామిలో అసలైన చేప రుచి ఉందని నా అభిప్రాయం, మొదటిసారే ఓతోరో మీద డబ్బు పెట్టకండి. ఒకప్పుడు ఎదో (టోక్యో పాత పేరు) ప్రజలు ఓతోరోని తినకుండా పారేసేవాళ్లు. ఐస్ లేని కాలంలో కొవ్వున్న భాగం ముందు పాడయ్యేది మరి.

సబా మన కానాగంతలకు దగ్గరి చుట్టం. ఉప్పు పట్టించి వెనిగర్‌లో నానబెట్టి ఇస్తారు. కోస్తా వాళ్లకి ఈ వాసన కొత్త కాదు, మిగతావాళ్లకి కాస్త టైమ్ పడుతుంది. ఇకురా అంటే సాల్మన్ జన (చేప గుడ్లు), నారింజ రంగు ముత్యాల్లా ఉండి పంటికింద చిట్లుతుంది. యూని సముద్రపు ముళ్లజీవి లోపలి పసుపు పదార్థం, చవక దుకాణంలో దీన్ని తిని నచ్చలేదని తేల్చేయకండి. యూని మంచిదైతేనే రుచి, లేకపోతే చేదు.

తేలికపాటి చేపతో మొదలుపెట్టి కొవ్వున్నవాటి వైపు వెళ్లాలని చెబుతారు. కొవ్వు నాలుకకి పట్టేస్తే తర్వాత తెల్ల చేప రుచి తెలియదు కాబట్టి ఆ వరస. అది సౌకర్యం కోసమే, తప్పనిసరి ఏం కాదు.

సాల్మన్ అందరికీ ఇష్టం. మరి కొన్ని పెద్ద దుకాణాల్లో ఎందుకు దొరకదు?

సాల్మన్ సుషీ చాలా కొత్తది. జపాన్ వాళ్లు వాళ్ల సముద్రాల్లో దొరికే సాల్మన్‌ని కాల్చుకునో ఉప్పేసో తినేవాళ్లు, దాంట్లో పురుగులుంటాయి కాబట్టి పచ్చిగా ముట్టుకునేవాళ్లు కాదు. 1980ల్లో నార్వే తను సముద్రంలో వలల్లో పెంచిన సాల్మన్‌కి మార్కెట్ వెతుక్కుంటూ ఇక్కడికొచ్చింది. మేత పెట్టి పెంచిన చేప కాబట్టి పచ్చిగా తినొచ్చని నమ్మించడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు కైతెన్ దుకాణాల్లో పిల్లలు మొదట అడిగేది అదే. ఎదో కాలపు పద్ధతి పాటించే దుకాణాలు కొన్ని ఇప్పటికీ సాల్మన్ పెట్టవు. అడిగితే తప్పేం లేదు, లేదంటే ఆ రోజు ఏది బాగుందో అడగండి.

కౌంటర్ దుకాణానికి వెళ్తే ఆర్డర్ ఎలా ఇవ్వాలి?

చెఫ్ మీ ఎదురుగానే చేసి పెట్టే దుకాణాలివి. ఇక్కడ మూడు దారులున్నాయి. ఓకిమరి అంటే సెట్టు, ఇన్ని ముక్కలకి ఇంత ధర అని రాసి ఉంటుంది. మధ్యాహ్నం పూట మామూలు పేట దుకాణంలో ఇది 1,000 నుంచి 3,000 యెన్ల మధ్యలో దొరుకుతుంది. ఒకోనొమి అంటే ఒక్కోటి మీకు నచ్చింది చెప్పడం. ఒమకాసె అంటే అంతా చెఫ్‌కి వదిలేయడం. టోక్యోలోని ఖరీదైన పేట గింజా లాంటి చోట రాత్రి ఒమకాసె 20,000 యెన్లు దాటడం మామూలే.

మధ్యాహ్నం ఓకిమరితో మొదలుపెట్టమనే చెప్తాను. అదే చెఫ్, అవే చేపలు, డబ్బు తక్కువ. ధర రాయకుండా జికా అని ఉంటే అది ఆ రోజు మార్కెట్ ధర అని అర్థం, అడిగి తెలుసుకోండి. అడగడాన్ని ఎవరూ చిన్నతనంగా చూడరు.

ఒమకాసె బుక్ చేసుకుంటే మాత్రం కొన్ని పట్టింపులున్నాయి. చెప్పిన టైముకి ఐదు నిమిషాలు ముందే ఉండాలి, అందరికీ ఒకేసారి మొదలుపెడతారు. ఆఖరి నిమిషంలో రద్దు చేస్తే డబ్బు కట్టాల్సి వస్తుంది, ఎందుకంటే మీ లెక్కన చేప అప్పటికే కొనేసి ఉంటారు. సెంటు పూసుకోకండి. ఎనిమిది పది మంది కూర్చునే గదిలో ఒకరి సెంటు అందరి భోజనాన్నీ కమ్మేస్తుంది, మల్లెపూల దండైనా అంతే. ఫోటో తీసుకోవచ్చా అని ఒక్క మాట అడగండి, సాధారణంగా సరే అంటారు.

చేత్తో తినొచ్చా? చాప్‌స్టిక్స్ రాకపోతే ఎలా?

నిశ్చింతగా చేత్తో తినండి. నిగిరిని చేత్తో తినడం ఎదో బండ్ల కాలం నుంచి ఉన్న అలవాటే. చాలామంది చెఫ్‌లకి అదే ఇష్టం కూడా, ఎందుకంటే మంచి నిగిరిలో అన్నం గోరుముద్దలా వదులుగా పట్టి ఉంటుంది. చాప్‌స్టిక్స్‌తో గట్టిగా పడితే విరిగిపోతుంది.

పద్ధతి ఇది. ముందు నిగిరిని పక్కకి పడుకోబెట్టండి. బొటనవేలు ఒక వైపు, చూపుడు వేలు, నడిమి వేలు ఇంకో వైపు పెట్టి ఎత్తండి. చేప వైపు కొస మాత్రమే సోయా సాస్‌కి తాకించండి. అలాగే ఒక్క పెట్టున నోట్లో పెట్టుకోండి. కొరికి సగం ప్లేట్లో పెడితే అన్నం చెదిరిపోతుంది, చేపా అన్నం కలిసి నమిలే రుచి కూడా పోతుంది. మరీ పెద్దగా అనిపిస్తే అన్నం తగ్గించి చేయమని ముందే అడగండి, షరి సుకునమె అంటే అర్థమవుతుంది. సషిమిని మాత్రం చేత్తో తినరు.

కౌంటర్ మీద చెఫ్ పెట్టిన ముక్కని వెంటనే తినాలి. మాటల్లో పడి, వీడియో తీస్తూ ఐదు నిమిషాలు అలా వదిలేస్తే అన్నం చల్లారుతుంది, నోరి మెత్తబడుతుంది. ఆ చెఫ్ అన్నం వేడిని, చేప చల్లదనాన్ని కొలిచి చేసిన పనంతా ఆ ఐదు నిమిషాల్లో పోతుంది. అన్ని మర్యాదల్లోకీ నాకు ముఖ్యంగా అనిపించేది ఇదొక్కటే.

సోయా సాస్, వసాబీ, అల్లం ఎలా వాడాలి?

చిన్న గిన్నెలో కొద్దిగానే సోయా సాస్ పోసుకోండి. అన్నం ముంచితే ఉప్పంతా పీల్చేసుకుంటుంది, గింజలు గిన్నెలో తేలతాయి. గుంకన్‌ని తలకిందులు చేయలేం కదా, దానికో మంచి ఉపాయముంది. గరి అనే అల్లం ముక్కని సోయాలో ముంచి దానితో గుంకన్ పైన తడి రాయండి. కౌంటర్ దుకాణాల్లో చెఫ్ ముందే కుంచెతో సాస్ పూసి ఇస్తారు, అప్పుడు మళ్లీ ముంచక్కర్లేదు.

వసాబీ అనే ఘాటైన పచ్చ రంగు ముద్ద చాలాచోట్ల చేపకీ అన్నానికీ మధ్యన ముందే రాసి ఉంటుంది. కైతెన్ చెయిన్లలో మాత్రం ఇప్పుడు వసాబీ విడిగా ప్యాకెట్లలో ఇస్తున్నారు. వద్దనుకుంటే సబీ నుకి అనండి. మన కారం తిన్న నోటికి ఇదెంత అని ఎక్కువ పెట్టుకునేరు. మిరప కారం నాలుక మీద నిలబడుతుంది, ఇది ముక్కులోంచి నెత్తికెక్కుతుంది, కాసేపటికే పోతుంది. అసలైన వసాబీ మొక్క వేరుని చల్లటి వాగు నీళ్లలో పెంచుతారు, షిజువొకాలోని ఇజు, నగానోలోని అజుమినో దానికి పేరు. చవక ట్యూబుల్లో ఎక్కువగా ఉండేది రంగు వేసిన హార్స్‌రాడిష్ అనే ఇంకో ఘాటైన వేరు. అప్పటికప్పుడు తురిమిన వసాబీ దొరికితే ఒక్కసారైనా రుచి చూడండి, దాంట్లో తీపి వాసన ఉంటుంది.

అల్లం పచ్చడిలా నంజుకోవడానికి కాదు, ఒక చేపకీ ఇంకో చేపకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి.

మేం శాకాహారులం. మాకు ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ జాగ్రత్తగా ఎంచుకోవాలి. జపాన్ వంటలో కంటికి కనబడని చేప ఒకటుంది, దాని పేరు దషి. ఎండబెట్టిన బొనీటో చేప తురుమునీ, కొంబు అనే నాచునీ నీళ్లలో మరిగించి తీసే సారం. ముక్క కనిపించదు కాబట్టి వడ్డించేవాళ్లకి కూడా అది చేప అని తోచదు. కూరగాయలేనని మనస్ఫూర్తిగా చెప్పి పెడతారు, దాంట్లో దషి ఉంటుంది. వాళ్లు మోసం చేయడం లేదు, మన లెక్క వాళ్లకి తెలియదు అంతే.

కాబట్టి నా జాబితా ఇలా ఉంటుంది. కప్పామకి అంటే దోసకాయ చుట్ట. అన్నం, నోరి, దోసకాయ, అంతే. కళ్లు మూసుకుని అడగదగ్గది ఇది. ఓషింకోమకిలో ఊరబెట్టిన ముల్లంగి ఉంటుంది. అవకాడో చుట్ట దొరికే చోట అదీ మంచిదే, మయొనైజ్ వేస్తారేమో అడగండి, దాంట్లో గుడ్డుంటుంది. వంకాయ నిగిరి కొన్ని చెయిన్లలో ఉంటుంది, పైన చేప తురుము చల్లకుండా ఇమ్మనాలి.

కంప్యోమకి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే లోపలున్నది సొరకాయ. సొరకాయ జాతి కాయని పొడవాటి రిబ్బన్లలా చెక్కి, వేసవి ఎండలో ఆరబెట్టి, తర్వాత సోయా, చక్కెరతో ఉడికిస్తారు. టోక్యోకి ఉత్తరాన ఉన్న తోచిగి ప్రాంతంలోనే దాదాపు అంతా తయారవుతుంది. ఎదో పద్ధతి సుషీలో ఇది చాలా పాతది, కొన్ని పేరున్న దుకాణాల్లో భోజనం చివర ఇదే పెడతారు. ఉడికించేటప్పుడు దషి వేశారా అని మాత్రం అడగాలి.

ఇనారి కూడా అంతే. తియ్యగా వండిన టోఫు సంచిలో అన్నం కూరి ఇస్తారు, చాలాచోట్ల ఆ వంటలో దషి ఉంటుంది. ఉమె అనే పులుపు పండు గుజ్జుతో చేసే చుట్టలో, నత్తో అనే పులియబెట్టిన సోయా గింజలతో ఇచ్చే సాస్‌లో కూడా బొనీటో ఉండొచ్చు. తమాగో గుడ్డు తినేవాళ్లకి కూడా పూర్తిగా సురక్షితం కాదు, దషితో పాటు కొన్నిచోట్ల రొయ్యల ముద్ద కలుపుతారు. మిసో సూప్‌లో దషి తప్పకుండా ఉంటుందని అనుకోండి.

చెప్పాల్సిన వాక్యం: నికు, సకనా, ఎబి, దషి, జెంబు తబెరరెమసెన్. మాంసం, చేప, రొయ్య, దషి ఏవీ తినలేనని దీని భావం. ఫోన్‌లో జపనీస్ లిపిలో పెట్టుకుని చూపించడం ఇంకా మంచిది. అదే కత్తి, అదే చెక్క మీద కోస్తారు కాబట్టి ఆ పట్టింపు ఉన్నవాళ్లకి సుషీ దుకాణం సరిపోదు. వాళ్లకి గుళ్లలో వండే షోజిన్ ర్యోరి భోజనం ఉంది, దాంట్లో దషి కూడా కొంబుతో, పుట్టగొడుగులతోనే చేస్తారు. శనివారాలు, కార్తీకమాసం పాటించేవాళ్లు స్నేహితులతో కైతెన్‌కి వెళ్లి కప్పామకి, పండ్లు, ఐస్‌క్రీమ్‌తో గడిపేయొచ్చు. ఒమకాసె మాత్రం ఇంకో నెలకి పెట్టుకోండి.

పచ్చి చేప తింటే జబ్బు చేయదా?

ప్రమాదం సున్నా కాదు, అందుకే దుకాణం ఎంచుకోవడం ముఖ్యం. జపాన్‌లో ఎక్కువగా వినబడేది అనిసాకిస్ అనే పురుగు. సబా, సముద్రపు సాల్మన్, స్క్విడ్ లాంటివాటిలో ఉంటుంది. తెల్లటి దారం ముక్కలా కంటికి కనిపిస్తుంది. కడుపులోకి వెళ్తే కొన్ని గంటల్లోనే భరించలేని నొప్పి పుడుతుంది, డాక్టర్ ఎండోస్కోపీ చేసి తీస్తారు. సుషీ తిన్న రాత్రి అలాంటి నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఊరుకోకండి, ఆసుపత్రికి వెళ్లి ఏం తిన్నారో చెప్పండి.

మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకడితే ఈ పురుగు చస్తుందని జపాన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. వెనిగర్, సోయా, వసాబీ ఏవీ దాన్ని చంపలేవు. కాబట్టి ఫ్రీజ్ చేసిన చేప అంటే తక్కువ రకం అనుకోవద్దు. దూర సముద్రాల్లో పట్టిన ట్యూనాని ఓడలోనే మైనస్ 60 డిగ్రీల్లో ఉంచి తెస్తారు. చెయిన్ దుకాణాల్లో చాలా చేప ఇలా గడ్డకట్టి వచ్చిందే, ఒక రకంగా అది మన మంచికే.

ఊరికెళ్లాక మన చేపలతో ఇంట్లో చేసుకోవచ్చా?

కొరమీను, బొచ్చె లాంటి మంచినీటి చేపలు గానీ, సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే పులస గానీ పచ్చిగా తినకూడదు. మంచినీటి చేపల్లో కాలేయానికి పట్టే పురుగులుంటాయి, ఈశాన్య థాయ్‌లాండ్‌లో పచ్చి చేప తినే అలవాటు వల్ల వాటితో పెద్ద సమస్యే ఉంది. మార్కెట్లో తాజాగా కనిపించిన సముద్రపు చేప కూడా కూరకి తాజా, పచ్చిగా తినడానికి కాదు. మామూలు ఫ్రిజ్ పై అర పురుగుని చంపేంత చల్లదనం ఇవ్వదు. ఇంట్లో చేయాలనుకుంటే ఉడికించిన రొయ్య, గుడ్డు అట్టు, దోసకాయ, అవకాడోతో చేయండి. అన్నం సరిగ్గా కుదిరితే చాలా బాగుంటాయి. రొయ్యలకి మన కోస్తాలో కరువు లేదు, జపాన్‌కి రొయ్యలు పంపే పెద్ద దేశాల్లో మనదొకటి, దేశంలో చెరువు రొయ్యలు ఎక్కువగా పెంచేది ఆంధ్రప్రదేశ్‌లోనే.

గర్భిణులు తినొచ్చా? చిన్నపిల్లలకి పెట్టొచ్చా?

ముందు మీ డాక్టర్‌ని అడగండి. రెండు విషయాలున్నాయి: ఒకటి పచ్చి చేప వల్ల వచ్చే ఇన్ఫెక్షన్, రెండోది పాదరసం. జపాన్ ఆరోగ్య శాఖ గర్భిణులకి కురోమగురో, మెబాచి ట్యూనా, కిన్మెదై, మెకాజికి చేపలు వారానికి ఒకసారి, 80 గ్రాములు మించొద్దని చెబుతుంది. వండిన అనాగో, ఉడికించిన రొయ్య లాంటివి ఉన్నాయి కాబట్టి బయట కూర్చోవాల్సిన అవసరం లేదు. చిన్నపిల్లలకి ఉడోన్ అనే లావు గోధుమ నూడుల్స్, గుడ్డు, మొక్కజొన్న గుంకన్ పెట్టండి, పచ్చి చేపకి తొందరపడకండి.

మద్యం, పంది మాంసం తగలకూడదు. ఎలా?

సుషీలో పంది మాంసం మామూలుగా ఉండదు, కైతెన్ మెనూలో మాంసం వేసిన ప్లేట్లు ఉంటాయి కాబట్టి బొమ్మ చూసి ఎంచుకోండి. మిరిన్, సాకె అనే మద్యపు దినుసులు మాత్రం సాస్‌లలో, గుడ్డు అట్టులో, అనాగో మీద పూసే తీపిలో కలుస్తాయి. నియమం కచ్చితంగా ఉన్నవాళ్లు హలాల్ అని రాసిన చోటికే వెళ్లడం మంచిది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, పడనివాళ్లు గుర్తుంచుకోండి.

చాప్‌స్టిక్స్‌తో చేయకూడనివి ఏమైనా ఉన్నాయా?

రెండు ఎప్పుడూ చేయకండి. అన్నంలో నిలువుగా గుచ్చకండి, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించకండి. రెండూ చావుకి సంబంధించిన ఆచారాలు. దహనం తర్వాత అస్థికలను ఇద్దరు కలిసి అలాగే అందుకుంటారు. పక్కవాళ్లకి ఇవ్వాలంటే వాళ్ల ప్లేట్లో పెట్టండి.

కడుపు నిండాలంటే ఎన్ని తినాలి? బిల్లు ఎలా కట్టాలి?

ఒక్కో నిగిరిలో అన్నం 15 నుంచి 20 గ్రాములు ఉంటుంది. పది పన్నెండు ముక్కలు మామూలు మనిషికి సరిపోతాయి. కైతెన్‌లో ఒక ప్లేటుకి సాధారణంగా రెండు ముక్కలు, ఖరీదైనవి ఒకటే.

అయ్యాక స్క్రీన్ మీద బిల్లు బటన్ నొక్కాలి, లేదా ఒకైకె ఒనెగాయిషిమస్ అనాలి. టిప్ ఇవ్వరు, బలవంతంగా ఇచ్చినా వెనక్కి ఇచ్చేస్తారు. ఖరీదైన చోట సర్వీస్ చార్జి బిల్లులోనే కలుపుతారు. చిన్న పేట దుకాణాల్లో కార్డు తీసుకోకపోవచ్చు, నగదు పెట్టుకుని వెళ్లండి. లేచేటప్పుడు గోచిసోసమా దెషిత అంటే చెఫ్ తలెత్తి నవ్వుతారు.

మిగిలింది పార్శిల్ కట్టిస్తారా?

పచ్చి చేప కాబట్టి కట్టరు. అందుకే రెండు ప్లేట్లు, రెండు ప్లేట్లుగా ఆర్డర్ పెట్టుకుంటూ పోండి. ఇంటికి తీసుకెళ్లాలంటే మొదటే పార్శిల్‌గా ఆర్డర్ చేయాలి, దాని మీద పన్ను కూడా 10 శాతానికి బదులు 8 శాతమే. ఆ డబ్బాని ఎండలో తిప్పకుండా నేరుగా ఇంటికి తీసుకెళ్లి వెంటనే తినేయండి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ఉంచితే అన్నం గట్టిపడిపోతుంది, చేప తినడానికి పనికిరాదు.